వందల ఆడియో ఫైళ్లను ఒకే స్థాయికి తేవడం: కొలత ముందు, ఎన్‌కోడింగ్ చివర

రకరకాల చోట్ల నుంచి పోగైన ఆడియో ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో చేరితే తంటా మొదలవుతుంది. కొన్ని వేవ్, కొన్ని ఎంపీ3, కొన్ని ఫోన్ రికార్డర్ ఇచ్చిన ఎం4ఏ. ఒకటి సరిగా వినబడటం లేదని వాల్యూమ్ పెంచితే, ఆ వెంటనే వచ్చేది చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. వీటన్నిటినీ ఒకే ఫార్మాట్‌లోకి, ఒకే వినికిడి స్థాయికి తేవడానికి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన అవసరం లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, ఆడాసిటీ, సాక్స్, ఫూబార్2000, ఫ్రీఏసీ అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. ఇబ్బందల్లా వాటిని వాడే తీరులోనే ఉంది. ఒక్క ఫైల్ మీద పొరపాటు జరిగితే చెడేది ఆ ఒక్కటే. బ్యాచ్‌లో, అంటే అన్నిటినీ ఒకే ఆదేశంతో నడిపినప్పుడు, అదే పొరపాటు ఐదు వందల ఫైళ్లకూ అంటుకుంటుంది, అదీ ఎవరూ విని చూడకముందే. అసలు ఫైళ్ల మీదే రాసేసి ఉంటే ఇక వెనక్కి తెచ్చుకునే దారి కూడా ఉండదు.

అందుకే ఈ పనిలో ఏ టూల్ వాడాలన్న ప్రశ్న కన్నా ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ముఖ్యం. ముందు కొలవాలి, తర్వాత వాల్యూమ్ సవరించాలి, చివరగా కొత్త ఫార్మాట్‌లోకి మార్చాలి, దీన్నే ఎన్‌కోడింగ్ అంటారు. ఆ మార్చడం కూడా ఒక్కసారే జరగాలి.

పీక్ సమం చేస్తే మోత సమం కాదు

చాలా ప్రోగ్రాముల్లో ‘నార్మలైజ్’ అనే బటన్ చేసే పని పీక్ నార్మలైజేషన్. డిజిటల్ ఆడియోకు ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని 0 డెసిబెల్స్ ఫుల్ స్కేల్ అంటారు. ఫైల్ మొత్తంలో అతి ఎత్తయిన శాంపిల్‌ను (సెకనుకు వేలసార్లు తీసే శబ్దం కొలతల్లో ఒకదాన్ని) వెతికి, అది ఆ పైకప్పుకు కాస్త దిగువన, ఉదాహరణకు మైనస్ 1 దగ్గర ఆగేలా ఫైలంతటినీ ఒకే మోతాదులో పెంచడమే పీక్ నార్మలైజేషన్. ఆడాసిటీలోని నార్మలైజ్ ఎఫెక్ట్‌కు డీఫాల్ట్ కూడా మైనస్ 1 డెసిబెలే. సాక్స్‌లోని నార్మ్ ఆప్షన్ సైతం పీక్‌నే చూస్తుంది.

గంటసేపు మెల్లగా మాట్లాడిన ఒక ఉపన్యాసం రికార్డింగ్‌ను తీసుకుందాం. మధ్యలో ఒకసారి ఎవరి చెయ్యో మైకుకు తగిలి ‘టప్’మని చప్పుడైంది, అది పైకప్పును తాకింది. పీక్ నార్మలైజేషన్ దృష్టిలో ఈ ఫైల్ అప్పటికే నిండుగా ఉంది కాబట్టి పెంచేదేమీ లేదు. గంటసేపటి మాట అలాగే నీరసంగా ఉండిపోతుంది. దాని పక్కనే బాగా కంప్రెస్ చేసిన, అంటే మెల్లని, పెద్ద శబ్దాల మధ్య తేడా తగ్గించిన ఒక పాట ఉందనుకుంటే, దాని పీక్ కూడా మైనస్ 1 దగ్గరే. కొలతలో రెండూ సమానం, చెవికి మాత్రం వాటి మధ్య పది డెసిబెల్స్ పైగా తేడా తెలుస్తుంది.

పీక్‌ను వదిలేసి సగటు శక్తిని, అంటే ఆర్‌ఎంఎస్‌ను చూస్తే కొంత నయం. కానీ చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా వినదు. లోతైన బేస్‌లో శక్తి చాలా ఉన్నా వినికిడికి అంత పెద్దగా అనిపించదు. మనిషి గొంతులో స్పష్టతనిచ్చే పై ఫ్రీక్వెన్సీలు తక్కువ శక్తితోనే గట్టిగా వినిపిస్తాయి.

ఈ చిక్కును విప్పిన ప్రమాణం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో వెలువరించిన బీఎస్.1770. ఇది ముందుగా శబ్దాన్ని ఒక ఫిల్టర్ గుండా పంపుతుంది. అందులో బేస్ తగ్గుతుంది, పై ఫ్రీక్వెన్సీలు కొంచెం పెరుగుతాయి. దీన్ని కే-వెయిటింగ్ అంటారు. ఆ తర్వాత ఆడియోను 400 మిల్లీసెకన్ల ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి 75 శాతం పరుచుకుని ఉండేలా కొలుస్తుంది. 2011లో దీనికి ‘గేటింగ్’ చేర్చారు. మైనస్ 70 కన్నా దిగువనున్న ముక్కలను లెక్కలోంచి తీసేసి, మిగిలినవాటి సగటు కన్నా 10 యూనిట్లు దిగువన ఉన్నవాటిని కూడా వదిలేస్తారు. మాటల మధ్య నిశ్శబ్దాలు సగటును కిందకు లాగకుండా ఇది ఆపుతుంది. ఇద్దరి సంభాషణలో ఒకరు చాలాసేపు ఆలోచించి జవాబిచ్చినా, కొలిచేది వాళ్ల మాటనే తప్ప ఆ మౌనాన్ని కాదు. ఈ కొలతకు యూనిట్ ఎల్‌యూఎఫ్‌ఎస్. ఇందులో ఒక యూనిట్ తేడా అంటే ఒక డెసిబెల్ తేడాయే కాబట్టి లెక్కలు సులువు.

టీవీ ప్రసారాల్లో ప్రకటన రాగానే మోత పెరిగిపోవడం మీద వచ్చిన ఫిర్యాదులే ఈ కొలతను నిబంధనగా మార్చాయి. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 2010లో ఆర్128 సిఫారసుతో మైనస్ 23ను లక్ష్యంగా పెట్టింది. అమెరికా ప్రసారాల్లో మైనస్ 24 నడుస్తోంది. పాడ్‌కాస్ట్‌లకు యాపిల్ సూచించేది మైనస్ 16, ఒక డెసిబెల్ అటూఇటూగా. స్పాటిఫై మామూలుగా మైనస్ 14కు సర్దుతుంది. వీటిలో ఏది ‘సరైనది’ అని వెతకడం వృథా. ఫోన్‌లో, ప్రయాణంలో వినే మాటలకు మైనస్ 23 బొత్తిగా చాలదు, మైనస్ 16 దగ్గర హాయిగా ఉంటుంది. సొంతంగా వినడానికి పెట్టుకున్న సేకరణలో మాత్రం ఏ అంకె ఎంచుకున్నామన్నది పెద్ద విషయం కాదు. అన్ని ఫైళ్లూ ఆ అంకె దగ్గరే ఉండటం ముఖ్యం.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. మోనో ఫైల్‌లో ఒకే ఛానెల్ ఉంటుంది, స్టీరియోలో రెండు. బీఎస్.1770 ఛానెళ్ల శక్తిని కూడుతుంది. కాబట్టి ఒకే గొంతు మోనో ఫైల్‌లో మైనస్ 19గా కొలతకు వస్తే, దాన్నే రెండు ఛానెళ్లలోనూ పెట్టిన స్టీరియో ఫైల్‌లో మైనస్ 16గా వస్తుంది. ప్లేయర్ మోనోను రెండు స్పీకర్లకూ పంపుతుంది కాబట్టి వినడానికి రెండూ ఒకటే. మోనో, స్టీరియో కలిసి ఉన్న ఫోల్డర్‌ను గుడ్డిగా మైనస్ 16కు సర్దితే మోనో ఫైళ్లన్నీ 3 డెసిబెల్స్ ఎక్కువ మోగుతాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో మోతను సమం చేసే లౌడ్‌నార్మ్ ఫిల్టర్‌లో ‘డ్యూయల్ మోనో’ అనే ఆప్షన్ సరిగ్గా ఇందుకే ఉంది. డీఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది.

ఫైల్‌ను ముట్టుకోకుండానే

ఫార్మాట్ మార్చే అవసరం లేకుండా, వినేటప్పుడు మోత సమంగా ఉంటే చాలనుకుంటే ఆడియోను తిరగరాయడమే అనవసరం. డేవిడ్ రాబిన్సన్ 2001లో ప్రతిపాదించిన రీప్లేగెయిన్ పద్ధతి ఈ పని ఎంతో చక్కగా చేస్తుంది. ఫైల్‌ను కొలిచి, ఎంత పెంచాలో లేదా తగ్గించాలో ఒక ట్యాగ్‌గా రాసి పెడుతుంది. ప్లేయర్ ఆ ట్యాగ్ చదివి, మోగించేటప్పుడు వాల్యూమ్ సర్దుతుంది. ఆడియో డేటాలో ఒక్క బిట్ కూడా మారదు. నచ్చకపోతే ట్యాగ్ తీసేస్తే సరి. రెండో వెర్షన్ బీఎస్.1770 కొలతనే తీసుకుని మైనస్ 18ను ప్రామాణికంగా పెట్టుకుంది. ఫూబార్2000లో ఫైళ్లన్నీ ఎంచుకుని రైట్ క్లిక్ మెనూలోంచి స్కాన్ చేయించవచ్చు. కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసి నడపడం) అలవాటున్నవాళ్లకు ఆర్‌ఎస్‌గెయిన్ ఉంది, ఫోల్డర్ల చెట్టు మొత్తాన్ని ఒకే ఆదేశంతో చుట్టేస్తుంది.

రీప్లేగెయిన్‌లో ట్రాక్ గెయిన్, ఆల్బమ్ గెయిన్ అని రెండు విలువలు ఉంటాయి. సంగీతం విషయంలో ఈ తేడా ప్రాణం లాంటిది. ఒక ఆల్బమ్‌లో మెల్లని పాట మెల్లగా ఉండాలని దాన్ని చేసినవాళ్లు కోరుకున్నారు. ట్రాక్ గెయిన్ ఆ పాటను పక్కనున్న హోరు పాటతో సమం చేసి పారేస్తుంది. ఆల్బమ్ గెయిన్ మొత్తానికి ఒకే సవరణ ఇచ్చి పాటల మధ్య ఎత్తుపల్లాలను అలాగే ఉంచుతుంది. కలగాపులగం ప్లేలిస్టుకు మొదటిది, వరసగా వినే ఆల్బమ్‌కు రెండోది వాడాలి. నేరుగా ఫైళ్లను తిరగరాసే పద్ధతుల్లో చాలావాటికి మామూలుగా ఈ విచక్షణ ఉండదు, ప్రతి ఫైల్‌నూ విడివిడిగానే సమం చేస్తాయి. ఆల్బమ్‌లు ఉన్న సేకరణ మీద అలాంటి బ్యాచ్ నడపడం ఆ సంగీతానికి అన్యాయం చేయడమే.

ట్యాగ్ చదవలేని పాత ప్లేయర్లు, కొన్ని కారు స్టీరియోల సంగతి వేరు. ఎంపీ3ల కోసం వచ్చిన ఎంపీ3గెయిన్ అనే చిన్న ప్రోగ్రామ్ అక్కడ ఇప్పటికీ పనికొస్తుంది. ఎంపీ3లోని ప్రతి ఫ్రేమ్‌లో ‘గ్లోబల్ గెయిన్’ అనే విలువ ఉంటుంది. ఈ ప్రోగ్రామ్ డీకోడ్ చేయకుండా, మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా నేరుగా ఆ అంకెనే మారుస్తుంది. అందువల్ల నాణ్యత తగ్గదు, ఏ ప్లేయర్‌లోనైనా ఫలితం వినిపిస్తుంది, వెనక్కి తిప్పుకోవచ్చు కూడా. ఒకటే పరిమితి: మార్పు 1.5 డెసిబెల్స్ మెట్లలోనే జరుగుతుంది. అంటే ఎంత దగ్గరగా తెచ్చినా ముప్పావు డెసిబెల్ వరకు తేడా మిగలవచ్చు. మామూలుగా వినేవాళ్లకు అది తెలియదు.

తిరగరాయక తప్పనప్పుడు

ఫార్మాట్ మార్చాల్సి వస్తే మొదట చూడాల్సింది మూలం ఏమిటన్నది. వేవ్, ఫ్లాక్ లాంటి లాస్‌లెస్ (సమాచారం ఏదీ పోని) ఫైళ్ల నుంచి దేనికి మార్చినా ఇబ్బంది లేదు. ఎంపీ3, ఏఏసీ, ఓపస్ మాత్రం చెవికి అంతగా తెలియని సమాచారాన్ని తీసిపారేసి పరిమాణం తగ్గిస్తాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చిన ప్రతిసారీ మరికొంత పోతుంది, జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టు. 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3ని 320కి మారిస్తే పెరిగేది ఫైల్ సైజు మాత్రమే. పోయిన వివరం తిరిగి రాదు, పైగా రెండో ఎన్‌కోడింగ్ నష్టం అదనంగా చేరుతుంది.

ఒక్కోసారి మార్చడమే అక్కర్లేదు. ఎంపీ4 వీడియోలోంచి ఆడియో కావాలంటే, లోపల ఉన్న ఏఏసీని అలాగే ఎం4ఏ డబ్బాలోకి కాపీ చేయమని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు చెప్పవచ్చు. కోడెక్ (ఎన్‌కోడ్ చేసే పద్ధతి) స్థానంలో ‘కాపీ’ అని పెడితే సరిపోతుంది. గంట నిడివి ఫైల్ కూడా క్షణాల్లో అయిపోతుంది, నాణ్యత చెక్కుచెదరదు. ‘వీడియో టు ఎంపీ3’ కన్వర్టర్ల కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

దాచుకోవడానికి ఫ్లాక్‌ను మించినది లేదు. పంచుకోవడానికి, ఎక్కడైనా మోగడానికి ఎంపీ3. దాని పేటెంట్ లైసెన్సింగ్ 2017లో ముగిసిపోయింది కాబట్టి ఉచిత టూల్స్‌లో ఇప్పుడు అడ్డంకులూ లేవు. లేమ్ ఎన్‌కోడర్‌లో వీ2 సెట్టింగ్ సగటున 190 కేబీపీఎస్ చుట్టూ తిరుగుతుంది, చాలావరకు చాలు. మాటల రికార్డింగ్‌లు చిన్న సైజులో కావాలంటే ఓపస్ ముందుంటుంది, మోనోలో 32 కేబీపీఎస్ దగ్గరే గొంతు స్పష్టంగా ఉంటుంది.

ఇక మోత సవరణ. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని లౌడ్‌నార్మ్ ఫిల్టర్‌ను చాలామంది ఒక్క వరసలో, ఒకే పాస్‌లో (ఫైల్‌ను ఒక్కసారే చదివి) వాడేస్తారు. అలా వాడితే అది ఫైల్‌ను ముందుగా చూడలేదు. కాబట్టి సాగుతున్నకొద్దీ వాల్యూమ్‌ను పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. మాటలకు అది ఒక్కోసారి ఫర్వాలేదు. సంగీతంలో మాత్రం మెల్లని చోట్లు పైకి లేచి, ఉధృతమైన చోట్లు అణిగిపోయి, పాట ఊపిరి తీరే మారిపోతుంది. సరైన పద్ధతి రెండు పాస్‌లు. మొదటి పాస్‌లో ఫైల్ ఏదీ రాయకుండా కొలత మాత్రమే తీసుకోవాలి: మొత్తం లౌడ్‌నెస్ (మోత), ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య శిఖరాలనూ కలిపి చూసే పీక్), లౌడ్‌నెస్ రేంజ్ (మెల్లని, పెద్ద చోట్ల మధ్య తేడా), థ్రెషోల్డ్ (గేటింగ్ హద్దు). రెండో పాస్‌లో ఈ అంకెలు ఇచ్చి, ‘లీనియర్’ పద్ధతిలో చేయమంటే మొత్తం ఫైల్‌కు ఒకే గెయిన్ పడుతుంది.

అయితే లీనియర్ అడిగినంత మాత్రాన లీనియర్ వస్తుందన్న హామీ లేదు. ఒక ఇంటర్వ్యూ మైనస్ 27 దగ్గర, దాని ట్రూ పీక్ మైనస్ 9 దగ్గర ఉన్నాయనుకుందాం. లక్ష్యం మైనస్ 16 అంటే 11 డెసిబెల్స్ పెంచాలి. అప్పుడు పీక్ ప్లస్ 2కు చేరుతుంది. పైకప్పు మైనస్ 1 అని పెట్టుకుంటే 3 డెసిబెల్స్ మించిపోయింది. ఈ స్థితిలో లౌడ్‌నార్మ్ ఆగదు, పెద్దగా హెచ్చరించదు కూడా. చడీచప్పుడు లేకుండా డైనమిక్ పద్ధతికి మారిపోతుంది. కొలిచిన లౌడ్‌నెస్ రేంజ్ మనం పెట్టిన రేంజ్ కన్నా ఎక్కువైనా ఇదే జరుగుతుంది. ఆ రేంజ్ డీఫాల్ట్ 7 మాత్రమే కాబట్టి సంగీతం విషయంలో ఇది తరచుగా ఎదురవుతుంది. చివర్లో వచ్చే నివేదికలో ‘నార్మలైజేషన్ టైప్’ అన్న వరసలో లీనియర్ అని ఉందో, డైనమిక్ అని ఉందో ప్రతి ఫైల్‌కూ చూడాలి. బ్యాచ్‌లో దీన్ని లాగ్ ఫైల్‌లోకి రాయించి, డైనమిక్ అన్న మాట ఉన్న ఫైళ్లను విడిగా ఏరుకోవడం ఉత్తమం.

పీక్ మించడం వల్ల అలా ఏరుకున్న ఫైళ్లకు రెండు దారులు. పై ఇంటర్వ్యూలోనైతే 8 డెసిబెల్స్ పెంపుతో సరిపెట్టుకుని మైనస్ 19 దగ్గర ఆగడం ఒకటి. లిమిటర్ పెట్టి ఎత్తయిన పీక్‌లను అణచి లక్ష్యానికి చేరడం రెండోది. మాటల్లో అరుదుగా వచ్చే పీక్‌లకు లిమిటర్ పెట్టినా వినేవాళ్లకు తెలియదు. కానీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లిమిటర్‌లో ‘లెవెల్’ అనే ఆప్షన్ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, అణచిన శబ్దాన్ని తిరిగి 0 దాకా పెంచేస్తుంది. అది ఆఫ్ చేయకపోతే అప్పటిదాకా చేసిన కొలతలన్నీ నీటిపాలు.

పైకప్పును 0 దగ్గర కాకుండా మైనస్ 1 దగ్గర పెట్టడానికి కారణం ఉంది. శాంపిళ్ల మధ్య అలల శిఖరం శాంపిళ్ల కన్నా పైకి పోవచ్చు, దాన్ని పట్టుకోవడానికే ట్రూ పీక్ కొలతలో ఆడియోను నాలుగు రెట్ల శాంపిల్ రేట్‌కు పెంచి చూస్తారు. పైగా ఎంపీ3గానో ఏఏసీగానో మార్చినప్పుడు అల ఆకారం కొద్దిగా మారి పీక్ ఇంకాస్త పెరుగుతుంది. ఆ ఒక్క డెసిబెల్ వదలకపోతే గరగర వినిపించే ప్రమాదముంది.

మోత పెంచితే గొంతుతో పాటు ఫ్యాన్ చప్పుడు, మైకు హిస్ కూడా అంతే పెరుగుతాయి. 15 డెసిబెల్స్ పెంచాల్సిన రికార్డింగ్‌ను ముందుగా శుభ్రం చేయాలి. గొంతు రికార్డింగ్‌లకు 80 హెర్ట్జ్ హై-పాస్ ఫిల్టర్ (అంతకన్నా లోతైన శబ్దాలను తగ్గించేది) ఒక్కటి పెట్టినా మైకు కుదుపులు, ‘ప’ ‘బ’ అక్షరాల దగ్గర పడే గాలి దెబ్బలు తగ్గుతాయి, వాటితో పాటు పీక్‌లూ దిగుతాయి. ముందు కుదరనిది ఒక్కోసారి దాంతోనే లీనియర్‌గా కుదిరిపోతుంది. కొలత మాత్రం ఈ శుభ్రత తర్వాతే తీసుకోవాలి.

బ్యాచ్ లూప్‌లో దాగిన గుంటలు

శాంపిల్ రేట్ మొదటిది. లౌడ్‌నార్మ్ డైనమిక్ పద్ధతిలో లోపల ఆడియోను 192 కిలోహెర్ట్జ్‌కు పెంచి పనిచేస్తుంది. బయటికి ఎంత కావాలో చెప్పకపోతే, ఫ్లాక్ లేదా వేవ్ ఫైళ్లు ఆ రేట్‌తోనే తయారై అనవసరంగా ఉబ్బిపోతాయి. 44.1 లేదా 48 అని స్పష్టంగా రాయాలి. ఎంపీ3 బిట్‌రేట్ కూడా అంతే, చెప్పకపోతే 128 దగ్గర నిలుస్తుంది.

రెండోది లినక్స్, మ్యాక్ షెల్‌లో తగిలేది. ఫైళ్ల జాబితాను ‘వైల్ రీడ్’ లూప్‌లోకి పంపి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను పిలిస్తే, అది కీబోర్డ్ ఆదేశాల కోసం అదే ఇన్‌పుట్‌ను చదివి, రాబోయే ఫైళ్ల పేర్లలోంచి అక్షరాలు మింగేస్తుంది. మొదటి ఫైల్ బాగానే అయి, తర్వాతివి ‘ఫైల్ లేదు’ అంటూ విఫలమవుతుంటే అనుమానించాల్సింది దీన్నే. ‘నోస్టీడిన్’ (nostdin) ఆప్షన్ పెడితే తగ్గిపోతుంది. పేర్లలో ఖాళీలు ఉంటే కోట్స్ తప్పనిసరి.

మూడోది పేర్ల ఢీ. ఒకే ఫోల్డర్‌లో ‘పాఠం01’ పేరుతో వేవ్ ఒకటి, ఎం4ఏ ఒకటి ఉంటే, రెండూ ‘పాఠం01’ ఎంపీ3గానే మారాలని చూస్తాయి. ‘ఉన్నదాని మీద రాసేయ్’ అన్న ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఒకటి మాయమైపోతుంది, ఎర్రర్ ఏదీ రాదు. ఫలితాలను ఎప్పుడూ వేరే ఫోల్డర్‌లోకే పంపాలి, పాత ఎక్స్‌టెన్షన్‌ను కూడా కొత్త పేరులో ఉంచితే ఈ గొడవ ఉండదు.

కమాండ్ లైన్ జోలికి పోని వాళ్లకు ఆడాసిటీలో మ్యాక్రోలు ఉన్నాయి. ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’, ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ అని రెండు మెట్లు పెట్టి ఫైళ్లన్నిటి మీదా నడపవచ్చు. పక్కనే ఉన్న మామూలు ‘నార్మలైజ్’ను పొరపాటున ఎంచుకోకుండా చూసుకోవాలి. ఫార్మాట్ మార్పు ఒక్కటే కావాలంటే ఫ్రీఏసీ హాయి, ప్రాసెసర్ కోర్లన్నిటినీ వాడుకుని అనేక ఫైళ్లు ఒకేసారి మారుస్తుంది. రెండు పాస్‌ల లౌడ్‌నార్మ్‌ను చేత్తో రాయడం ఇష్టం లేకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్-నార్మలైజ్ అనే పైథాన్ ప్రోగ్రామ్ రెండు పాస్‌లనూ తానే చూసుకుంటుంది.

వంద ఫైళ్ల మీద నడిపే ముందు ఐదారింటి మీద నడపాలి, అవి కావాలనే తేడాగా ఉన్నవై ఉండాలి: అతి మెల్లనిది, అతి పెద్దది, ఒక మోనో, ఒక చిన్న నిడివి ఫైల్. బ్యాచ్ అయ్యాక ఫైళ్ల సంఖ్య, ఒక్కొక్కటి నిడివి మూలంతో సరిపోయాయో చూసి, ఫలితాలను మళ్లీ కొలవాలి. ఫ్లాక్ ఫైళ్లయితే పని ఇంకా సులువు. ఎన్‌కోడర్‌లోకి వెళ్లిన ఆడియో ఎండీ5 ముద్ర ఫైల్‌లోనే దాగి ఉంటుంది, ఫ్లాక్ టూల్‌లోని టెస్ట్ ఆప్షన్ ప్రతి ఫైల్‌నూ విప్పి ఆ ముద్రతో పోల్చి చెబుతుంది. మిగతా ఫార్మాట్లను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఎక్కడా రాయకుండా మొత్తం డీకోడ్ చేయించి ఎర్రర్లు వస్తాయేమో చూడవచ్చు. ఇవన్నీ ముగిసేదాకా మూలం ఫైళ్లను డిలీట్ చేయకూడదు.